పట్టా ఒకరిది, పైరు ఒకరిది

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూనది. ఈ రెండు కొండల వరుసల మధ్య పరచుకొనిన నల్లరేగడి సీమకు నంద్యాల నడిబొడ్డు. అక్కడినుండి కడప త్రోవలో దక్షిణముగా సాగినచో సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డ వచ్చును. వేసవిలో ఈ నేల నెఱ్ఱెలు విచ్చి నోరు తెరచుకొని యుండును. మంచి వానలు పడినచో ఆ నెఱ్ఱెలు పూడి, నేల ఆ తడిని నెలల తరబడి కడుపులో దాచుకొనును. వానలు వెనుకబట్టిన పిమ్మట విత్తిన శనగయు జొన్నయు ఆ దాచిన తడితోడనే పండును. కాలువ పారినచోట వరి, పసుపు, అరటి. పారనిచోట శనగ, జొన్న, ప్రత్తి. ఈ సీమ వ్యవసాయమంతయు ఈ నాలుగు మాటలలో నిమిడియున్నది.

2022 అక్టోబరు 17వ తేదీన ఆళ్లగడ్డలో ఒక పెద్ద సభ జరిగెను. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహనరెడ్డి ‘వైఎస్సార్ రైతు భరోసా – పి.ఎం. కిసాన్’ పథకము క్రింద ఆ యేటి రెండవ విడత సొమ్మును ఆ సభనుండియే విడుదల చేసిరి. రాష్ట్రమంతట 50.92 లక్షల రైతు కుటుంబములకు 2,096.04 కోట్ల రూపాయలు చేరవలెనని లెక్క. అదే దినమున ఢిల్లీలో ప్రధానమంత్రి నరేంద్రమోదీ దేశమంతటికిని పి.ఎం. కిసాన్ పండ్రెండవ విడతగా 16,000 కోట్ల రూపాయలు విడుదల చేసిరి. ఒకచోట మీట నొక్కగా లక్షలాది ఖాతాలలో ఒక్కసారిగా సొమ్ము జమయగుట మన తాతల కాలమున ఎవరును ఊహింపని సంగతి. నడుమ దళారి లేడు, చేయి తడుపవలసిన గుమాస్తా లేడు. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడినది? దున్నినవాని ఖాతాలోనా, భూమి పేరు గలవాని ఖాతాలోనా? ఇద్దరును ఒకరే అయినచోట ఈ ప్రశ్నకు పనిలేదు. ఇద్దరును వేరైనచోట మాత్రము పథకము యొక్క మంచిచెడ్డలన్నియు ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపైననే ఆధారపడియున్నవి. ఈ సమాధానము నేటి అధికారుల మనస్సులో పుట్టినది కాదు. రెండువందల యేండ్ల క్రిందట వ్రాయ మొదలిడిన ఒక పుస్తకములో నున్నది.

తీసికొనుటకు వ్రాసిన పుస్తకము

1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. ఆనాటినుండి 1807 వరకు ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పొలములు కొలిపించి, నేల తరములు కట్టించి, జమీందారు నడుమ లేకుండ రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకొను పద్ధతిని నెలకొల్పుటకు పాటుపడెను. అదియే రైతువారీ. కోయిలకుంట్ల ప్రాంతము దత్తమండలములతోడనే కంపెనీకి చేరినది. నంద్యాల ప్రాంతము కర్నూలు నవాబు ఏలుబడిలో నుండి 1839లో చేరినది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయినప్పుడు ఆళ్లగడ్డయు అందులో చేరినది.

రైతువారీ పద్ధతిలో సర్కారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పొలమునకు శిస్తు ఎవరు కట్టుదురు? కట్టుటకు బాధ్యుడైనవాడు పట్టాదారు. అతడు తానే దున్నునా, జీతగానిచే దున్నించునా, మరియొకనికి గుత్తకిచ్చునా అను విషయముతో ఖజానాకు నిమిత్తము లేదు. శిస్తు పడినచో చాలును. కనుక కరణము లెక్కలలో పట్టాదారుని పేరు పదిలముగా నిలిచినది. దున్నువాని పేరు ఏటేట వచ్చి పోవు నీడవలె మిగిలినది.

గ్రామపు లెక్కలలో అడంగలు అను పుస్తకమును చూచినవారికి ఈ తేడా కండ్లకు కట్టును. అందులో సర్వే నంబరు వారీగా ఒక గడిలో పట్టాదారుని పేరు, మరియొక గడిలో అనుభవదారుని పేరు వ్రాయవలెను. మొదటిది హక్కును తెలుపును, రెండవది స్వాధీనములో నుండి సాగుచేయువానిని తెలుపును. లెక్క కట్టినవారు వివేకవంతులే. రెండును వేరుగా నుండవచ్చునని వారెరుగుదురు. కాని ఆచరణలో మొదటి గడి శాసనమైనది, రెండవ గడి తరచుగా మొదటిదానికి నకలైనది. 1971లో పట్టాదారు పాసుపుస్తకముల చట్టము వచ్చినది. 1984లో కరణముల ఏర్పాటు రద్దయినది. 2015లో ‘మీభూమి’ పేర లెక్కలు కంప్యూటరు కెక్కినవి. కాగితము పోయి తెర వచ్చినది గాని, రెండవ గడి కథ మాత్రము మారలేదు.

శిస్తు తీసికొనుటకు వ్రాసిన ఆ పుస్తకమే నేడు సాయమిచ్చుటకు ఆధారమైనది. చిక్కంతయు ఇక్కడనే యున్నది. తీసికొనునప్పుడు దున్నువా డెవరైనను ఒక్కటే. ఇచ్చునప్పుడు ఒక్కటి కాదు.

సర్కారు సొమ్ము మొదట చేరినది లండనుకు

ఈ నేల పేర సర్కారు డబ్బు ఖర్చు పెట్టుట కొత్తగా వచ్చినది కాదు. 1860ల దశకమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలునుండి నంద్యాల సీమ మీదుగా కడప వరకు కాలువ త్రవ్వించిరి. అదియే కె.సి. కెనాల్. పడవలు నడుపుటకును, పొలములు పారించుటకును ఒక్క కాలువయే పనికివచ్చునని సర్ ఆర్థర్ కాటన్ వంటివారి ఆశ. ఆ కంపెనీ వాటాదారులకు పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై ఏటా నూటికి 5 చొప్పున వడ్డీ వచ్చునట్లు ప్రభుత్వము పూచీపడెను. అనగా కాలువకు లాభము వచ్చినను రాకున్నను వాటాదారునికి నష్టము లేదు. ఏటికి 50,000 పౌండ్ల పూచీ అది.

నల్లరేగడి రైతు ఆ నీటిని వెంటనే కోరలేదు. తడిని దాచుకొను నేలకు కాలువ నీరేల, నీటి తీరువ యేల యని అతని సందేహము. 1876లో ధాత కరువు వచ్చి సీమ అల్లకల్లోలమైన పిమ్మట గాని కాలువ విలువ తెలిసిరాలేదు. కంపెనీకి మాత్రము గిట్టుబాటు కాలేదు; తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసెను. ఈ సీమ పేర జరిగిన తొలి పెద్ద రాయితీని ఆ విధముగా అనుభవించినవారు కుందూనదిని కన్నుల జూడని లండను వాటాదారులు. సాయము ఎవరి పేర జరుగునో వారికే చేరునని చెప్పలేమనుటకు చరిత్ర చూపిన మొదటి దృష్టాంత మిదియే.

కరువు తరువాత తకావీ చట్టములు వచ్చినవి. 1883 చట్టము బావులు, గట్లు మొదలైన భూమి మరమ్మతులకు అప్పులిచ్చుటకు ఏర్పడినది. 1884 చట్టము విత్తనములకు, పశువులకు, ఆపదలకు అప్పులిచ్చుటకు ఏర్పడినది. ఈ రెండవ చట్టము భూమి యజమానులనే గాక భూమిని స్వాధీనమున నుంచుకొని అనుభవించువారిని సైతము పేర్కొన్నది. దొరలనాటి చట్టములో దున్నువానికి చోటున్నది. కాని అప్పునకు పూచీ కావలెను. భూమి గలవానికి భూమియే పూచీ. లేనివానికి ఎవరు పూచీ? చట్టము తెరచిన తలుపును పూచీకత్తు మరల మూసినది.

పట్టా అడుగని సాయము

ప్రభుత్వ సాయములన్నియు ఈ త్రోవనే పట్టలేదు. నంద్యాలలో 1906లో నెలకొన్న వ్యవసాయ పరిశోధనాస్థానమునే తీసికొనుడు. అక్కడ వెలువడిన ప్రత్తి, జొన్న, శనగ రకములను పట్టాదారుడు విత్తినను, గుత్తదారుడు విత్తినను ఒకే తీరున మొలచును. యంత్రముతో కోయుటకు వీలుగా నిటారుగా పెరుగు ఎన్.బి.ఇ.జి. 47 శనగ ఆ స్థానము ఇచ్చినదే. విత్తనము పాసుపుస్తకము అడుగదు.

ఎరువుల రాయితీయు కొంతవరకు ఇట్టిదే. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరకుచున్నదన్న, అసలు ఖర్చులో పెద్ద భాగమును కేంద్ర ప్రభుత్వము కర్మాగారమునకు చెల్లించుటచేతనే. 2018 నుండి కొనువారు అంగడిలోని యంత్రముపై వ్రేలిముద్ర వేయుచున్నారు. ఆ యంత్రము ఆధారు సంఖ్యను అడుగునే గాని పట్టాను అడుగదు. కనుక గుత్తదారునికిని ఈ రాయితీ చేరుచున్నది. ఇందులో దోషములు లేకపోలేదు. ఎక్కువ బస్తాలు వాడినవానికి ఎక్కువ రాయితీ వచ్చును. చౌకగా వచ్చుటచేత యూరియా మితిమీరి వాడుటయు, దానివలన నేల సమతూకము చెడుటయు కలుగుచున్నవి. మెట్ట జొన్న వేసికొని ఒక్క బస్తాతో సరిపెట్టుకొను పేదకు ఈ మార్గమున దక్కునది స్వల్పము.

ఈ దోషములను చూచియే ఆర్థికవేత్తలు కొందరు, వస్తువుపై రాయితీ ఇచ్చుటకంటె రైతు చేతికే డబ్బిచ్చుట మేలని వాదించిరి. అతనికి విత్తనము కావలసినచో విత్తనము, కూలీలు కావలసినచో కూలీలు, పిల్లవాని ఫీజు కావలసినచో ఫీజు. అతని అక్కర అతనికే తెలియును గదా యని వారి భావము. ఈ వాదమున బలమున్నది. కాని వస్తువును కొనుటకు వచ్చినవాడు తనంతట తానే కనబడును. డబ్బు ఇయ్యవలసినచో ముందుగా జాబితా కావలెను. జాబితాకై వెదకగా సర్కారు చేతికి తగిలినది ఆ పాత పుస్తకమే.

ఆరువేల లెక్క

పి.ఎం. కిసాన్ పథకమును 2019 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెటులో ప్రకటించి, అదే నెల 24న గోరఖ్‌పూరులో ప్రారంభించిరి. ఏటికి 6,000 రూపాయలు, మూడు విడతలు, విడతకు 2,000. మొదట రెండు హెక్టార్లలోపు వారికే యనిరి. కొలది నెలలకే ఆ పరిమితిని ఎత్తివేసిరి. భార్య, భర్త, మైనరు పిల్లలు కలిసి ఒక కుటుంబము. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డులలో పేరుండుట అర్హత. ఆదాయపు పన్ను కట్టువారు, వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, నెలకు 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పింఛను పొందువారు, క్రింది తరగతి సిబ్బంది తప్ప మిగిలిన ప్రభుత్వోద్యోగులు అనర్హులు. ప్రభుత్వ పాఠశాలలోని ఉపాధ్యాయునికి పదెకరములున్నను ఈ సొమ్ము రాదు; రాకుండుట న్యాయమే. కాని ఆ పదెకరములను గుత్తకు తీసికొని చెమటోడ్చువానికిని రాదు. ఇది ఏ న్యాయము?

రాష్ట్ర ప్రభుత్వము 2019 అక్టోబరు 15న నెల్లూరు జిల్లా కాకుటూరులో ప్రారంభించిన రైతు భరోసా, కేంద్రము ఇచ్చు 6,000కు తన 7,500 చేర్చి ఏటికి 13,500గా కట్టినది. మే నెలలో 7,500, అక్టోబరులో 4,000, సంక్రాంతి నాటికి 2,000. ఆళ్లగడ్డ సభనాడు విడుదలైనది నాలుగువేల విడత. ఉపాధ్యాయులు ఈ అంకెలను తరగతిలో లెక్కగా చేయింపవచ్చును. 2,096.04 కోట్లను 50.92 లక్షలతో భాగించినచో కుటుంబమునకు సగటున 4,116 రూపాయలు వచ్చును. ఆ యేడు 50 కిలోల డి.ఎ.పి. బస్తా ధర 1,350 రూపాయలు. మూడు బస్తాలకు 4,050. అనగా నాలుగువేల విడతతో మూడు బస్తాలు కొనబోయినచో యాభై రూపాయలు తక్కువ పడును.

అయినను ఆ నాలుగువేలను తేలికగా చూడరాదు. శనగ విత్తు కాలమున, ఎకరమునకు పాతిక ముప్పది కిలోల విత్తనము కొనవలసిన వేళ, నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి చేయి చాపకుండ ఆ మాత్రము సొమ్ము చేతిలో నుండుట చిన్నరైతుకు ఎంత ఊరటయో పల్లెలలో పెరిగినవారికి తెలియును. కేంద్రమిచ్చు ఆరువేలు దినమునకు 16 రూపాయల 44 పైసలు మాత్రమే. ధరలు పెరిగినను తరువాతి ఆరేండ్లలో ఆ అంకె పెరుగలేదు. అయినను అదునుకు అందిన పదిరూపాయలు అదును తప్పిన నూరు రూపాయలకంటె మేలు.

కుటుంబమునకు ఇంత యని ఇచ్చుటలో ఒక గుణము కలదు. ఎకరము గలవానికిని పదెకరములు గలవానికిని 13,500లే. ఎకరము వానికి ఎకరమునకు 13,500 అయినచో, పదెకరముల వానికి ఎకరమునకు 1,350 మాత్రమే. తెలంగాణమున 2018 మే 10న మొదలైన రైతుబంధు మరియొక దారి త్రొక్కినది: ఎకరమునకు పంటకు 4,000, పరిమితి లేదు. ఏడాదికి రెండు పంటలన్న, ఎకరము వానికి 8,000, పదెకరముల వానికి 80,000. కలవానికే కలిగించు ఆ పద్ధతికంటె కుటుంబ పద్ధతియే పేదకు అనుకూలము. కాని భూమియే లేక దున్నువాని విషయమున ఈ రెండు పద్ధతులును పట్టాదారుని గడప దగ్గరనే ఆగినవి. 2025 జనవరి 26న తెలంగాణము భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబములకు ఏటికి 12,000 ఇచ్చు పథకమును ఆరంభించుట ఈ లోటును గుర్తించినట్లే.

గుత్తదారుని బరువు

గుత్తకు చేయువాని స్థితి యెట్టిది? భూమి యజమాని పట్టణమునకు చేరియుండును. నంద్యాలలో వ్యాపారమో, కర్నూలులో ఉద్యోగమో, హైదరాబాదులో పిల్లల కాపురమో. పొలము ఊరిలోని ఒకని చేతికి నోటిమాటపై వచ్చును. ఏటికి ఎకరమునకు ఇంత యని గుత్త. కొన్నిచోట్ల పంటలో పాలు పంచుకొను కోరు. గుత్త సొమ్ము తరచుగా విత్తుటకు ముందే చెల్లింపవలెను. వాన రానిచో గుత్తదారుడు నష్టపడును, వచ్చిన గుత్త యజమానికి తరుగదు. విత్తనము, దుక్కి, కలుపు, మందు, కోత అన్నియు అతని తలపైననే.

ఇంత బరువు మోయువానికి కాగితము లేదు. కాగితము లేనిచో బ్యాంకు పంట అప్పు ఇయ్యదు. పంట బీమా పరిహారము గాని, కరువు వచ్చినప్పటి పెట్టుబడి రాయితీ గాని, మద్దతు ధరకు ధాన్యము అమ్ముకొను వీలు గాని, పేరు ఎక్కినవానికే. అప్పుల బాధకు తాళలేక రైతు ప్రాణము తీసికొనినచో అతని కుటుంబమునకు రాష్ట్రము ఇచ్చు పరిహారమును 2019లో 7 లక్షలు చేసిరి. అక్కడ సైతము అతడు రైతేనని రుజువు చూపవలెను. బ్రదికినన్నాళ్లు అరకపట్టినవాడు చనిపోయిన పిమ్మట రైతు అవునా కాదా యని విచారణ జరుగుట, ఆ యింటి ఇల్లాలు సర్వే నంబరు వెదకికొనుచు కచేరీల చుట్టు తిరుగుట, ఇంతకు మించిన దుఃఖము వేరొకటి లేదు.

ఆడవారి విషయము వేరుగా చెప్పనక్కరలేదు. విత్తుట, కలుపు తీయుట, ప్రత్తి ఏరుట చాలవరకు వారి పనియే. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన భాగమిచ్చుచు ఆంధ్రప్రదేశము 1986లోనే చట్టము చేసినది. అయినను పట్టాలో కనబడునది ఎక్కువగా మగవాని పేరే. పథకము పట్టాను అనుసరించినచో, పట్టాలోని పాత అన్యాయములన్నియు పథకములోనికి నడచి వచ్చును.

దూరదేశపు పాఠము

ఈ చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. 1930ల మాంద్యములో అమెరికాలో ప్రత్తి ధర నేలకు దిగజారినది. 1933లో రూజ్వెల్టు ప్రభుత్వము వ్యవసాయ సర్దుబాటు చట్టము చేసి, సాగు తగ్గించినవారికి పరిహారము ఇచ్చుటకు పూనుకొన్నది. ఆ యేడు సుమారు కోటి ఎకరముల ఎదిగిన ప్రత్తిని దున్నివేయించిరి. ఒప్పందము భూమి యజమానితో జరిగినది. పరిహారములో పాలుకాపులకు వారి భాగమును యజమానియే పంచవలెను. పంచినవారు కొందరు, పంచనివారు పెక్కుమంది. సాగు తగ్గినది గనుక పాలుకాపులతో పని లేదని వారిని ఇండ్లనుండి వెడలగొట్టినవారును కలరు. రైతును ఆదుకొనవలెనని ప్రభుత్వము పంపిన సొమ్ము, రైతులలో అందరికంటె బీదవానిని నిలువనీడ లేకుండ చేయుటకు తోడ్పడినది.

దీనిపై 1934 జూలైలో అర్కన్సా రాష్ట్రపు టైరొంజా అను చిన్న ఊరిలో నల్లవారును తెల్లవారును ఒక్కటిగా చేరి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించిరి. జాతిభేదము కత్తివలె నిలిచియున్న ఆ రోజులలో, ఆ ప్రాంతమున అది సాహసకార్యము. ప్రత్తి నేల అక్కడను ప్రత్తి నేలయే. పట్టాకును పైరుకును గల వైరము అక్కడను అదే. ఆ చట్టము చేసినవారు దుర్మార్గులు కారు. సొమ్ము ఎవరి చేతి మీదుగా పోవునో తగినంత ఆలోచింపకపోవుటయే వారి పొరపాటు.

చట్టములు, సంతకములు

మన రాష్ట్రమున ఈ లోటు గుర్తింపబడకపోలేదు. 2011లో సాగుదారుల చట్టము వచ్చి, గుత్తదారునికి ఏడాది పాటు చెల్లు ఋణార్హత కార్డు నిచ్చినది. 2019లో దాని స్థానమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. దీని ప్రకారము యజమానియు సాగుదారుడును పదునొకండు నెలల ఒప్పందముపై సంతకము చేయవలెను. భూమిపై హక్కు కాదు, పైరుపై మాత్రమే హక్కు అని స్పష్టముగా వ్రాసిరి. యజమాని భయము పోగొట్టుటయే ఉద్దేశము. రైతు భరోసాలో ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ వర్గములకు చెందిన భూమిలేని కౌలుదారులకును, దేవాదాయ భూములు సాగుచేయువారికిని రాష్ట్రమే 13,500 భరించినది. దేశమున అనేక రాష్ట్రములు చేయని పని యిది. ఒడిశా రాష్ట్రపు కాలియా పథకమును ఇట్లే పాలుకాపులకు తలుపు తెరచినది. అయితే ఆంధ్రప్రదేశ పథకమున ఇతర కులముల కౌలుదారులకు చోటు లేకపోయెను. కార్డు గలవారికి మాత్రమే ఆ మేలు దక్కెను.

కార్డు రావలెనన్న సంతకము కావలెను. సంతకము పెట్టుటకు యజమాని జంకును. 1956 నాటి కౌలు చట్టము గుత్తదారునికి రక్షణ కల్పించినది. ఆ రక్షణవలన భూమి చేజారునేమో యను భయము తండ్రినుండి కొడుకునకు సంక్రమించినది. పదునొకండు నెలల మాట ఆ భయమును పూర్తిగా పోగొట్టలేదు. దానికి తోడు ఇప్పుడు కొత్త కారణము వచ్చినది: సాగుదారుడు వేరని కాగితముపై ఒప్పుకొనినచో తనకు వచ్చు సొమ్ము ఆగిపోవునేమో యని. ఏ సాయము రైతుకై పుట్టినదో ఆ సాయమే దున్నువాని పేరు మరుగున పడుటకు కారణమగుట చూడదగిన వైపరీత్యము.

ప్రభుత్వములు మారినవి, పథకముల పేర్లు మారినవి. 2025 ఆగస్టు 2న ప్రకాశము జిల్లా దర్శి మండలము తూర్పు వీరాయపాలెములో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ‘అన్నదాత సుఖీభవ’ను ఆరంభించిరి. కేంద్రపు ఆరువేలతో కలిపి ఏటికి 20,000 రూపాయలు. తొలి విడత 7,000. మొత్తము పెరిగినది, సంతోషమే. మొత్తము పెరిగినకొలది, అది ఎవరి చేతికి పోవలెనను ప్రశ్నయు పెరుగును. ఆరువేలు తప్పుచేతికి పోయినప్పటికంటె ఇరువదివేలు తప్పుచేతికి పోయినప్పుడు అన్యాయము పెద్దది.

పైరు వెంట సొమ్ము

మార్గము లేదా? ఉన్నది; అందుకు కావలసిన పనిముట్టు సర్కారు చేతిలోనే యున్నది. ఆంధ్రప్రదేశమున ప్రతి పంటకాలమున గ్రామస్థాయి సిబ్బంది పొలములకు పోయి, ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎంత మేర, ఎవరి సాగు అని ఈ-పంట నమోదు చేయుచున్నారు. ఇది అడంగలులోని రెండవ గడికి కలిగిన పునర్జన్మ వంటిది. పట్టా చెప్పునది నిరుటి మాట, నిరుడు కాదన్న పదేండ్ల నాటి మాట. పైరు చెప్పునది నేటి మాట. పట్టా వెంట పోవు సొమ్మును పైరు వెంట పోవునట్లు మరలింపగలిగినచో, సొంత భూమి దున్నుకొనువానికి నష్టము లేదు. ఎందుకన పట్టాయు పైరును అతనివే. గుత్తకు చేయువానికి తొలిసారి న్యాయము జరుగును.

ఆక్షేపణలు లేకపోలేదు. నమోదు చేయువానిని బలవంతులు లోబరచుకొని తమ పేరే వ్రాయింపవచ్చును. సొమ్ము గుత్తదారునికి వచ్చుచున్నదని తెలిసినచో యజమాని ఆ మేరకు గుత్త పెంచవచ్చును. ఐరోపా దేశములలో ఎకరమును బట్టి ఇచ్చిన సాయములో కొంత భాగము ఈ రీతిగా కౌలు రూపమున యజమానికే మరలి పోయినదని ఆర్థికవేత్తలు గుర్తించిరి. పేరు వ్రాయించుకొనినందుకు మరుసటి యేట పొలమే దక్కకపోవచ్చును. ఈ మూడును నిజమైన భయములే. మొదటిదానికి మందు బహిరంగత: జాబితాను గ్రామసభలో చదివి వినిపించుట. ఎవని పొలము ఎవడు దున్నుచున్నాడో ఊరిలో తెలియని వారుండరు. కచేరీలో అబద్ధము చెల్లినంత సులభముగా రచ్చబండ వద్ద చెల్లదు. రెండవదానికిని మూడవదానికిని మందు అంత సులభము కాదు. అది గుత్తదారులు సంఘముగా నిలుచుటవలనను, యజమాని హక్కుకు ముప్పు లేదని ప్రభుత్వము మాటిమాటికి నమ్మకము కలిగించుటవలనను నిదానముగా రావలసినది. కష్టమగునని విడిచిపెట్టుట మాత్రము సమాధానము కాదు.

ఇందులో పాఠశాలకును పని యున్నది. పల్లెలలో నేడు కచేరి కాగితమును, ఫోనులోని జాబితాను చదివి ఇంటిపెద్దలకు చెప్పువారు బడిపిల్లలే. అడంగలు అననేమి, 1-బి అననేమి, పట్టాదారునికిని అనుభవదారునికిని భేదమేమి, పంట నమోదులో పేరు ఎక్కనిచో జరుగు నష్టమేమి అను సంగతులు సాంఘికశాస్త్రపు తరగతిలో ఒక్క పూట చెప్పినచో, ఆ సాయంకాలమే అవి పది యిండ్లకు చేరును. రైతువారీ పద్ధతిని మన్రో పేరుతో వల్లించి మార్కులు తెచ్చుకొను విద్యార్థి, ఆ పద్ధతి తన తండ్రి పాసుపుస్తకములో ఇంకను బ్రదికియున్నదని తెలిసికొనినచో చరిత్ర అతనికి చచ్చిన పాఠము కాదు. భూమిగల ఉపాధ్యాయులు తమ పొలము గుత్తకు చేయువాని ఒప్పందముపై తాము ముందుగా సంతకము చేసినచో, ఊరిలోని ఇతర యజమానుల జంకు కొంతవరకైన తీరును.

ఆళ్లగడ్డ సభలో సొమ్ము విడుదలయైన అదను శనగ విత్తు అదను. ఏటేట ఆ అదనున నల్లరేగడిలో గొఱ్ఱు పట్టి నడచువారిలో తన పొలములో నడచువాడు కలడు, పరుల పొలములో నడచువాడును కలడు. ఇద్దరి వెనుకను మొలచు మొలక ఒక్కటియే. ఇద్దరి గింజయు ఒకే కళ్లమునకు చేరును. శిస్తు కాలపు పుస్తకమునకు వారిద్దరిలో ఒక్కని పేరు చాలినది. సాయమిచ్చు కాలపు పుస్తకమునకు ఆ రెండవవాని పేరు లేకున్న చాలదు.